బావ వదిలే జానెడు తాడు

దెయ్యాల కబుర్లు మొదలైతే లేచి వెళ్లిపోయే రకం నేను. సముద్రం మీద బతికిన కుటుంబం మాది. చీకట్లో వేటకు పోయినప్పుడు కనబడేవీ వినబడేవీ చాలా ఉంటాయి, అన్నిటికీ జడుసుకుంటే పొయ్యి వెలగదు. ఇప్పటికీ దెయ్యాల్ని నమ్మనంటాను. నమ్మితే మా బావను దెయ్యమని ఒప్పుకోవాలి, ఆ మాట నా నోట రాదు.

బావ అంటే మా అక్క భర్త. మాది మందస దగ్గర, ఉద్దానం తీరంలో ఊరు. వేట సరిగ్గా సాగక, బావ టెక్కలి వైపు ఒక రిజర్వాయరులో పనికి కుదిరాడు. అక్కడ ఒక కాంట్రాక్టరు నీళ్ల ఆటలు నడుపుతున్నాడు. స్పీడు బోటు తాడుతో లాగుతుంటే, కాళ్లకు పలక తొడుక్కున్న మనిషి నీటి మీద నిలబడి, అటో బంతి ఇటో బంతి చుట్టుకుంటూ మెలికలు తిరిగి పోవాలి. దాన్ని స్లాలమ్ కోర్సు అంటారు. సరదా పట్నం వాళ్లది. ఆ ఎర్ర బంతుల చాకిరీ మా బావది.

ఒక్కో బంతి కింద తాడు, తాడు చివర రాయి. పాచి పడితే బంతి కనబడదు, గోకాలి. అది ఊరందరి నీళ్లు, గేదెలు తాళ్లను లాగేస్తాయి, వలలు వేసేవాళ్లు విసుగొచ్చి కోసేస్తారు. రోజూ చిన్న పడవలో తిరిగి అన్నీ వరసలోకి తేవాలి. బావ కొబ్బరి పీచుతో తోమేవాడు, బ్రష్ ఇస్తే పక్కన పెట్టేవాడు.

ఆయనతో ఒకటే తంటా. సముద్రంలో తాడు కడితే పోటుకూ పాటుకూ సరిపడా వదులు ఉంచుతాం. రిజర్వాయరులో పోటేమిటి, పాటేమిటి? అక్కడ తాడు బిగువుగా ఉండాలి. బావ మొదట్లో బారెడు వదిలి కట్టాడు, బంతులన్నీ తలోదిక్కుకూ పోయాయి. కాంట్రాక్టరు పెట్టిన మేనేజరు అందరి ముందూ తిట్టాడు. తరవాత జానెడుకు తగ్గించాడు గానీ పూర్తిగా మానలేదు. నేను నవ్వితే, "నీరేటి ఒకలాగే ఉండిపోద్దేటిరా? కూసింత ఊపిరాడనీ" అనేవాడు.

ఆ తరవాత కిడ్నీలు పోయాయి. మా ఉద్దానంలో ఆ జబ్బు గురించి ఎవరికీ చెప్పక్కర్లేదు. పలాసలో డయాలసిస్ మొదలైంది. రక్తం తీసి, కడిగి, మళ్లీ ఎక్కించిన రోజు మనిషి నిలబడలేడు. ఆ రోజుల్లో సెలవివ్వమని మేనేజర్ని బతిమాలాడు. వస్తే రా, లేకపోతే వేరేవాణ్ణి చూసుకుంటామన్నాడాయన. బావ ఆసుపత్రి మంచం దిగి అటునుంచి అటే బస్సెక్కి, వాచిన కాళ్లతో పడవలో కూర్చుని పాచి గోకాడు. అంతా చేశాక ఒకరోజు ఇంక రావద్దన్నారు. ఆ చోట్లో నన్ను పెట్టుకున్నారు. అక్క ఇల్లు గడవాలి, అందుకని వెళ్లాను. ఆ ఏడాది వానలకు ముందే బావ పోయాడు.

దినకర్మలయ్యాక నేను పనిలోకి వెళ్లేసరికి బంతుల మీద పచ్చగా పాచి పేరుకుని ఉండాలి. ఎండలకు అది ఊరికే పడుతుంది. కానీ అన్నీ కడిగిన గిన్నెల్లా ఉన్నాయి. తాళ్లకు కొబ్బరి పీచు పోగులు చిక్కుకుని ఉన్నాయి. నేను బిగించి కట్టిన ప్రతి తాడూ జానెడు వదులుగా ఉంది.

వల వాళ్ల మీద అనుమానపడ్డాను. వాళ్లు కోస్తారు గానీ తోముతారా? ఉన్న ఒక్క చిన్న పడవా షెడ్డులో గొలుసు వేసి ఉంది, తాళం నా దగ్గరే. తాళ్లన్నీ మళ్లీ బిగించాను. మర్నాడు పొద్దున్న చూస్తే పడవ పొడిగా ఉంది, తాళ్లు వదులుగా ఉన్నాయి. చాలా రోజులు అలాగే జరిగింది.

నాకు భయం వెయ్యలేదు, ఒళ్లు మండింది. బతికున్నన్నాళ్లూ పిండుకున్నారు, పోయాక కూడా వీళ్లకే ఊడిగం చేస్తావా బావా అని పడవలో కూర్చుని పైకే తిట్టాను. ఆ మంటలోనే వెళ్లి మేనేజరుతో చెప్పేశాను, ఈ పని నేను చెయ్యడం లేదు, మా బావ చేస్తున్నాడని.

ఆయన కిటికీలోంచి బంతుల వైపు చూసి, "అయితే ఇంక నువ్వెందుకయ్యా?" అన్నాడు. వేళాకోళమనుకున్నాను. సాయంత్రానికి నన్ను నిజంగానే తీసేశారు. ఎవరు తోమితే ఏం, బంతి మెరిస్తే చాలు వాళ్లకు.

అక్కకు చెప్తే ఏడవలేదు. పొద్దున్నే నాతో బస్సెక్కింది. గట్టు దిగి, మోకాళ్ల వరకూ నీళ్లలోకి వెళ్లి నిలబడింది. బంతులు ఎండకు మెరుస్తున్నాయి. అక్క గొంతు పెంచలేదు.

"మావా, సాలు. ఆల్లు నిన్నెప్పుడో మానీమన్నారు. ఇంక పన్లోకి ఎల్లకు. ఒళ్లు నొప్పులెట్టుకుని ఎందుకొచ్చిన సాకిరీ? ఇంటికొచ్చీ."

మర్నాడు షెడ్డు తాళం ఇచ్చేద్దామని వెళ్లాను. బంతులు ఎర్రగా లేవు. ఒక్కోదాని మీదా వేలు మందాన పాచి, అందులో చిన్న చిన్న నత్తలు. నెలల తరబడి ఎవరూ ముట్టకపోతే పట్టే పాచి అది. తాళ్లు పట్టుకుని చూశాను. అన్నీ బిగువుగా, నేను కట్టినట్టే ఉన్నాయి.

మేనేజరు మొహం చిట్లించి, రేపట్నుంచి వచ్చెయ్యమన్నాడు. తాళం బల్ల మీద పెట్టి వచ్చేశాను. ఇప్పుడు పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీలో చేస్తున్నాను.

ఒక్క రాత్రిలో అంత పాచి ఎలా పట్టిందో, అంతకుముందు దాన్ని తోమిందెవరో నాకు ఈ రోజుకీ తెలీదు. నాకు తెలిసింది ఒక్కటే. బావ అడిగింది కాస్త సెలవు. దాన్ని ఆఖరికి మా అక్కే వెళ్లి నీళ్లలో నిలబడి ఇవ్వాల్సొచ్చింది.