ముడుక్కం

మా అక్క కాంతమ్మాళ్ ఒకచోట నిలిచి లెక్క చేయడం నేనెప్పుడూ చూడలేదు. అరవదేశంలో బతికే తెలుగువాళ్లం మేము, సింగానల్లూరు నూలుమిల్లు కూలీల లైన్లలో మాది ఒకే గది. ఆ గదిలోనే కాలు కాలిన పిల్లిలా ఈ గోడ నుంచి ఆ గోడకు తిరుగుతూ, మధ్యమధ్య దగ్గుతూ, వేళ్ల మీద లెక్క కట్టేది. అది 1967. నూలు చుట్టే రీలింగు విభాగంలో పన్నెండేళ్లుగా దూది నుసి పీల్చిన ఊపిరితిత్తులు ఆమెవి. ఇంకో ఏడాది అక్కడే ఉంటే మనిషి దక్కదని డాక్టరు చెప్పాడు. చెప్పడానికేం, ఆయన సొమ్మేం పోయింది!

అంతలో నూలు బలం పరీక్షించే టెస్టింగు రూములో ఒక చోటు ఖాళీ అయింది. అక్కడ నుసి ఉండదు. కానీ చలనం, బలం, వేడి మీద అయిదు లెక్కలిస్తారు, నాలుగు సరిగ్గా చేయాలి. అక్క చదువు అయిదో తరగతి. నేను ఇంగ్లీషులో పి.యు.సి. దాకా వెలగబెట్టినవాణ్ణి. కాబట్టి గురువును నేనే అయ్యాను, గురువుకుండే పొగరు కూడా అడగకుండానే వచ్చింది.

అన్నీ మా ఇంటి తెలుగు మాటల్లోనే చెప్పాను. వేగం పెరిగితే కలుపు, తగ్గితే తీసెయ్. ఎనభై డిగ్రీల నీళ్లు ఒక చెంబు, ఇరవై డిగ్రీలవి రెండు చెంబులు కలిపితే ఎంత అని అడిగితే, అక్క నలభై అని చెప్పి ఊరుకోలేదు. పొయ్యి వెలిగించి, నీళ్లు కాచి, ఇత్తడి బకెట్లో కలిపి చెయ్యి పెట్టింది.

“ఏమిరా మారీ, కణక్కులో నలభై వస్తా ఉండాది, చేతికి అంత లేదే?”

“బకెట్టు కొంచెం వేడి తాగేసుంటుందిలే అక్కా.”

“అట్లయితే బకెట్టును ఎందుకు లెక్కలో ఎత్తుకోలేదు?”

నాకు కోపం వచ్చింది. ఆమె అడిగింది సరైన ప్రశ్న కాబట్టే వచ్చింది.

పరీక్ష రోజు ఆఫీసరు రాజగోపాలన్ లెక్కలు అరవంలో చదివి వినిపించాడు. సెకనుకు పది మీటర్ల వేగంతో పోతున్న రైలు. ముడుక్కం రెండు. అయిదు సెకన్ల తర్వాత వేగమెంత? వేగం సెకను సెకనుకూ పెరగడాన్ని అరవంలో ముడుక్కం అంటారు. ఆ మాట అక్క అంతకుముందు వినలేదు. ముడుక్కోవడమంటే మా ఇంట్లో కాళ్లు దగ్గరికి లాక్కుని ముడుచుకోవడమే. రైలు ముడుక్కుంటోంది, వేగం తగ్గుతోంది కాబోలనుకుని పదిలోంచి అయిదు రెళ్ల పది తీసేసి, ‘సున్నా, రైలు నిలిచిపోయింది’ అని రాసింది. అయిదింట్లో రెండు లెక్కలు ముడుక్కానివే. మిగతా మూడూ సరిగ్గా చేసింది.

రాజగోపాలన్ పిలిచి ఎందుకు తీసేశావని అడిగాడట. ఆయనదీ ఇంట్లో తెలుగే. అక్క చెప్పగానే అర్థమై కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వాడు. మార్కులు మాత్రం వేయలేదు. సాయంత్రానికి ఆ కథ క్యాంటీనుకు చేరింది, మా అక్క పేరు ముడుక్కమైంది. నవ్విన నాపచేనే పండుతుందంటారు. ఏం పండింది, నా తలకాయ!

ఇంటికొచ్చి అక్క ఏడవలేదు. తిరుగుతూనే అడిగింది.

“బలానికి అరవంలో ఏమి మాట?”

“తెలీదక్కా.”

“రాపిడికి?”

అదీ తెలియదు. పరీక్ష అరవంలోనేనని నాకు ముందే తెలుసు. పక్క వీధిలో అరవ బడిలో పాఠాలు చెప్పే వాధ్యారు దగ్గరికి పోయి ఆ నాలుగు మాటలూ రాసుకొద్దామని రెండుసార్లు చొక్కా కూడా తొడుక్కున్నాను. పి.యు.సి. చదివినవాడికి ఇవీ తెలియవా అంటాడేమోనని సిగ్గుపడి ఆగిపోయాను. ఆ సిగ్గు మా అక్క ఊపిరి కంటే పెద్దదైంది నాకు. అది కూడా చెప్పేశాను.

అప్పుడు నిలబడింది.

“తెలీదని నాతో ఒక మాట చెప్పింటే, నేనే పోయి అడిగుందును కదరా. నాకేమి సిగ్గు?”

సోమవారం మళ్లీ రీలింగుకే పోయింది.