కాఫీ ఇవ్వని ఇల్లు

1968 ఆగస్టు మూడో తేదీ, శనివారం, సాయంత్రం నాలుగు గంటలు. మా వంటింట్లో డికాక్షను దిగుతున్న వాసన వచ్చిన ప్రతి ఉదయమూ నాకు ఆ రోజు, ఆ గంట గుర్తుకు వస్తాయి. విజయనగరంలో కమలాంబగారి ముందు గదిలో నేను మొదటిసారి అడుగుపెట్టినప్పుడు ఇదే వాసన నిండి ఉంది. ఆమె అప్పుడే కాఫీ తాగి ఉండాలి. నాకు మాత్రం ఇవ్వలేదు. మంచినీళ్ళు కావాలా అని కూడా అడగలేదు. పేము కుర్చీ ఒకటి చూపించి, అలాంటిదే మరో కుర్చీలో ఎదురుగా కూర్చున్నారు.

అప్పటికి నాకు ఇరవై నాలుగేళ్ళు. శ్రీకాకుళం వైపు సముద్రపు ఒడ్డున చేపల వేట మీద బతికే కుటుంబం మాది. మా ఇంట్లో బి.ఏ. పట్టా అందుకున్న మొదటివాణ్ణి నేనే. గజపతినగరంలో ఉపాధ్యాయుడిగా చేరిన కొద్ది నెలలకే నాకు అన్నం మింగుడు పడటం మానేసింది. ముద్ద గొంతు దాకా వెళ్ళి ఆగిపోయేది. గంజి, మజ్జిగ తప్ప ఏదీ దిగేది కాదు. మనిషిని సగమయ్యాను. పాఠం మధ్యలో కళ్ళు తిరిగి కూలబడేవాణ్ణి. ఇలాగే ఉంటే ఉద్యోగమే కాదు, మనిషినే దక్కనని అందరూ భయపడ్డారు. అమ్మ దిష్టి తీసి, అరసవల్లి దేవుడికి మొక్కుకుంది. ఆసుపత్రి డాక్టరుగారు ఎక్స్‌రే తీయించి, గొంతులో ఏ దోషమూ లేదని చెప్పి, కమలాంబగారి దగ్గరకు పంపారు. మాటల ద్వారా మనసుకు వైద్యం చేసే విద్యను ఆమె కలకత్తాలో నేర్చి, అక్కడే చాలాకాలం పనిచేసి, వయసు మళ్ళాక సొంత ఊరు చేరారట.

నాకు పిచ్చి పట్టిందనుకుంటున్నారేమో అన్న బెరుకుతోనే వెళ్ళాను. ఆమె తొలిరోజు చెప్పింది చాలా కొద్ది. "మనసులోకి ఏది వస్తే అది చెప్పండి. ఇది చెప్పవచ్చా, కూడదా అని ఏరకండి. నేను మందులు ఇవ్వను, ఇలా చెయ్యండి అని చెప్పను. ప్రతి శనివారం ఈ గంటకు మాత్రం ఇక్కడే ఉంటాను." ఎన్నాళ్ళకు తగ్గుతుందని అడిగితే, తనకూ తెలియదన్నారు. డాక్టర్లెవరూ అలా అనగా నేను వినలేదు.

ముప్పావు గంట కాగానే, నా మాట సగంలో ఉన్నా సరే, లేచేవారు. నేను బస్సులో పాఠంలా సిద్ధం చేసుకున్నదంతా అప్పజెప్పేవాణ్ణి. చదువు గురించి, పాఠశాల గురించి, మా వాళ్ళకు నా మీద ఉన్న గౌరవం గురించి చెప్పేవాణ్ణి. ఆమె వినేవారు. నేను ఆగిపోతే ఆమె కూడా ఊరుకునేవారు. ఆ మౌనంలో గోడ గడియారం చప్పుడు చెవులు చిల్లులు పడేలా వినిపించేది. కొన్ని శనివారాలు వచ్చినప్పటికంటే బరువుగా తిరిగి వెళ్ళాను. మానేద్దామని కూడా అనుకున్నాను.

చలికాలంలో ఒక శనివారం బస్సు దారిలో చెడిపోయింది. నడిచి, పరుగెత్తి, నీరసంతో ఆమె ఇల్లు చేరేసరికి నా సమయంలో సగం గడిచిపోయింది. గదిలో అదే కాఫీ వాసన. కళాశాలలో చేరింది మొదలు నేను ఎంతో శ్రద్ధగా అణచిపెట్టుకున్న మా ఊరి మాట ఒక్కసారిగా బయటపడింది.

"మా ఊర్ల పగోడొచ్చినా ముందు మంచినీలిత్తారండి. ఈ ఇంట్ల వాసనే గాని కాఫీ నేదు."

అన్నాక గుమ్మం వైపు చూశాను. ఆమె వెళ్ళిపొమ్మంటారనుకున్నాను. ఆమె మాత్రం ఎంతోకాలంగా ఎదురుచూసిన చుట్టం గడపలోకి వచ్చినట్టు ముందుకు వంగారు.

"ఈ కోపం మొదటి రోజు నుంచీ ఉందా?"

"ఉందండి."

"నేను కాఫీ ఇచ్చి ఉంటే తాగగలిగేవారా?"

లేదన్నాను. ఆ మాటతోపాటే మా ఇంటి స్టీలు కంచం కళ్ళ ముందుకు వచ్చింది, ఏడుపూ వచ్చింది.

మా ఇంట్లో వేట నుంచి వచ్చినవాళ్ళు ముందు తింటారు. మా అయ్య, మా అన్న గుండ్రంగా కూర్చుని సత్తు పళ్ళాల్లో తిన్నాకే మిగిలినవాళ్ళు. నాకు పట్టా వచ్చాక ఆ పద్ధతి మారింది. నా కోసం స్టీలు కంచం వచ్చింది. సెలవులకు వెళితే అమ్మ నన్ను చాప మీద కూర్చోబెట్టి, వంజరం ముక్కకు ముళ్ళు తీసి వడ్డించేది. అప్పుడే తెప్ప దిగిన అయ్య తడి బట్టలతో, ఆకలితో, నేను తినేదాకా గుమ్మం పక్కన నిలబడేవాడు. నన్ను 'ఒరే' అనడం మానేసి 'బాబూ' అనేవాడు. ఇదంతా గొప్పగానే చెప్పుకునేవాణ్ణి. ఆ సాయంత్రం చెబుతుంటే మాత్రం అందులో గొప్ప ఏమీ కనిపించలేదు. ఆయన అలా నిలబడితే మీకెలా ఉండేదని కమలాంబగారు అడిగారు. ఆ ఇంటి మనిషిని కానట్టు ఉండేదన్నాను. ఇంటికి వెళ్ళి ఈ మాట చెప్పమని ఆమె అప్పుడూ అనలేదు, ఆ తరువాతా అనలేదు. చెప్పడానికి నాకు మరికొన్ని నెలలు పట్టింది.

వేసవి సెలవుల్లో ఒక ఉదయం నా కంచం పట్టుకుని వెళ్ళి, గుమ్మం దగ్గరున్న అయ్య పక్కనే నేల మీద కూర్చున్నాను. నువ్వు తినకుండా నాకు ముద్ద దిగడం లేదయ్యా అన్నాను. అయ్య కాసేపు ఇసుక అంటిన తన పాదాల వైపే చూశాడు.

"మా పక్కన కూకుని తిండానికి నీకు నామోసీ అనుకున్నాంరా," అన్నాడు.

నాలుగేళ్ళ తరువాత నేను విన్న 'రా' అది. అమ్మ ముందు కళ్ళు తుడుచుకుంది, తరువాత గరిటె ఝాడించింది. "అయితే ఇకనించి నీ ముల్లు నువ్వే తీసుకో. నాకో పని తగ్గినాది."

ఆ పూట నెత్తళ్ళ చేపల పులుసుతో కొన్ని ముద్దలు దిగాయి, కొన్ని ఆగాయి. కమలాంబగారికి చెబితే, ఆగినవాటి గురించి కూడా అడిగారు. ఇంకో ఏడాది వెళ్ళాను. ఎప్పుడు ముగించాలో ముందుగానే ఇద్దరం కలిసి అనుకున్నాం. చివరి శనివారం కూడా గదిలో కాఫీ వాసన ఉంది. ఆమె ఇవ్వలేదు, నేను అడగలేదు. ఇచ్చి ఉంటే మొదటి రోజే నేను మర్యాదస్తుడైన అతిథినయ్యేవాణ్ణి. ఎన్ని శనివారాలు వచ్చినా ఆమె మీద కోపం తెచ్చుకునే ధైర్యం నాకు వచ్చేది కాదు. గుమ్మం దగ్గర చేతులు జోడించాను. ఆమె కూడా జోడించారు.

ఉపాధ్యాయుడిగా పనిచేసినంత కాలం, ఏ విద్యార్థి అయినా నాతో పెడసరంగా మాట్లాడితే, ఆ మాట ఎప్పటి నుంచి లోపల ఉందని ముందు అడిగాను. అడిగి ఊరుకున్నాను. ఆ ఊరుకోవడం ఆమె నాకిచ్చిన విద్య.

ఆ తరువాత మారినది ఇది: నేను అన్నం తినగలిగాను. మా ఇంట్లో అయ్య బతికున్నంతకాలం ఆయనతో కలిసే తిన్నాను. నా ముళ్ళు నేనే తీసుకున్నాను.