సార్నియాలో వేసిన చీట్లు

కెనడాలో మేము చదువుకునే ఈ సార్నియాలో ఎటు చూసినా కెమికల్ ప్లాంట్లే. అయినా మా బ్యాచ్ వాళ్ళకి కో-ఆప్, అంటే చదువులో భాగంగా కొన్నాళ్ళు చేయాల్సిన ఉద్యోగం, దొరకడం గగనమైపోయింది. అది చేయకపోతే డిప్లొమా చేతికి రాదు. అలాంటప్పుడు మా వీధిలో ఉండే రిటైరైన ఇంజనీర్ అంకుల్ నన్నూ నా రూమ్మేట్‌నీ పిలిచి, "తెలిసిన ల్యాబ్‌లో ఒక్కరికి చెప్పగలను బాబూ. ఎవరో శనివారానికి మీరే తేల్చుకోండి," అన్నారు.

ఇద్దరివీ ఒకే మార్కులు, ఒకే అవసరం. నేను గుంటూరు వైపు పాస్టరుగారి అబ్బాయిని. పూర్వం ఇశ్రాయేలీయులు ఎటూ తేలనప్పుడు ప్రార్థన చేసి చీట్లు వేసేవారనీ, భూములు కూడా అలాగే పంచుకున్నారనీ, పడ్డ చీటీకి తిరుగులేదనీ వాడికి చెప్పాను.

"మా కరీంనగర్ల గూడ అమ్మవారి ముంగట ఏస్తరన్నా," అని వాడు వెంటనే ఒప్పుకున్నాడు.

నిజం చెప్పొద్దూ, నేను దేవుడికి వదిలేసిందేమీ లేదు. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిన కూర్చున్నా ఒకటే అనుకున్నాను. "నీ చిత్తమే జరగనీ ప్రభువా" అని గొంతు వణికించి మరీ ప్రార్థించాను. రైస్ కుక్కర్ గిన్నెలోంచి చీటీ తీస్తే వాడి పేరొచ్చింది.

ఒళ్ళు మండిపోయింది. వాడికి కారు లేదు, లైసెన్సూ లేదు. ఆ ప్లాంటు దాకా బస్సు పోదు. దేవుడు ఆ మాత్రం చూసుకోవద్దా? చీట్లు సరిగ్గా కలపలేదేమో, ఇంకోసారి వేద్దామా అని సిగ్గులేకుండా అడిగాను కూడా. వాడు ఆ గిన్నెలో బియ్యం పోసి కడగడం మొదలుపెట్టాడు.

శనివారం అంకుల్ ఇంటి ముందు కారు ఆపాను. వాడు బెల్టు తీయకుండా అలాగే కూర్చున్నాడు.

"అన్నా, నీ పేరే చెప్దాం. కారు నీకే ఉన్నది కద. ఇంకోపారి ఏసినమనుకుందాం."

వారమంతా ఆ మాట కోసమే కాచుక్కూర్చున్నాను. ఊరుకుంటే చాలు, పని నాదే. కానీ నీ చిత్తమే అని అడిగింది నా నోరే. ఇప్పుడు సరేనంటే ఇక జన్మలో ఏ ప్రార్థనా నిజంగా చేయలేననిపించి భయమేసింది.

"వద్దు తమ్ముడూ, చీటీ పడింది. దిగు," అన్నాను.

నేనే బెల్ కొట్టి అంకుల్‌కి వాడి పేరు చెప్పాను. అంత తేలిగ్గా ఉంటుందని నేననుకోలేదు.

"రోజూ ఎలా వెళ్తాడు బాబూ?" అన్నారాయన.

"లైసెన్స్ వచ్చేదాకా నేను దింపుతానండీ," అన్నాను.