ఆరు కిలోల అనుమానం

ఆ రోజుల్లో ప్రపంచమంతా ఏకమై నా ఉద్యోగం ఊడగొట్టాలని చూస్తోందని నాకు గట్టి నమ్మకం. (నేనొకణ్ణి ఉన్నానని ప్రపంచానికి తెలుసో లేదో ఆలోచించలేదు.) నాచారంలో ఒక షెడ్డు మీద చిన్న డిజైన్ ఆఫీసు, అందులో ఆరు నెలల ట్రయల్ మీద నేను. శనివారం నాటికి పెద్దసారు నా మొదటి రిపోర్టు మీద సంతకం పెడితే ఉద్యోగం ఖాయం, లేకపోతే ఇంటికే. నా పక్క సీటులో పదేళ్ల సీనియరు, మేమంతా అన్న అనేవాళ్లం, రోజూ ఫోన్లో తన బామ్మర్దికి ఉద్యోగం వెతుకుతూ ఉండేవాడు. ఏ కుర్చీ మీద కన్నేశాడో వేరే చెప్పాలా?

నాకిచ్చిన పని బస్సు కింద వేలాడే ఎయిర్ ట్యాంకు. బస్సు గుంతలో పడ్డప్పుడు ఆ కుదుపుకు ట్యాంకు బరువు ఎన్నో రెట్లయి బోల్టులను లాగుతుంది (ఉప్పల్ రోడ్డు మీద తిరిగేవాళ్లకు ఇది వివరించక్కర్లేదు). అప్పుడు ఎక్కడ విరుగుతుందో కంప్యూటర్లో ముందే చూడాలి. బొమ్మ వచ్చింది, అంతా చల్లటి నీలం, అంటే భద్రం. పెద్దసారు దానివైపు చూడనైనా లేదు. ఆయన పరీక్ష ఒకటే: కుదుపు తీసేసి భూమి ఆకర్షణ మాత్రం ఉంచితే, బోల్టుల మీద పడే మొత్తం భారం ఆ వస్తువు అసలు బరువుకు సరిపోవాలి. నాకు ఇరవై నాలుగు కిలోలు వచ్చింది. తయారైన శాంపిల్ ట్యాంకును తూచి రాసిన కాగితం మీద ముప్పై ఉంది. "మిగతా ఆరు కిలోలూ ఎటు పోయాయయ్యా? శనివారంలోగా తేల్చు" అన్నారు. కాగితం మీద ఆ ముప్పై రాసింది అన్న. ఇంకేం, నాకంతా అర్థమైపోయింది.

శుక్రవారం అన్న భోజనానికి లేవగానే గేటు పుస్తకంలో 'ట్యాంకు తూకానికి' అని రాసి సంతకం పెట్టి, శాంపిల్ ట్యాంకును ఆటోలో ఎక్కించి, ఉప్పల్‌లో పాత ఇనుప సామాన్ల కొట్టుకు పట్టుకుపోయాను. (ఆఫీసులో కాటా లేక కాదు. స్టోర్ కీపరూ అన్నా ఒకే టిఫిన్ డబ్బాలో తినేవాళ్లు. నేనెలా నమ్మను?) కొట్టు మామ ట్యాంకునూ నన్నూ మార్చి మార్చి చూశాడు.

"ఏడికెల్లి తెచ్చినవ్?"

"అమ్మడానికి కాదు మామా, తూకం చూస్తే చాలు."

"అందరు గట్లనే అంటరు. లోపల ఏముంది?"

"గాలి."

"గాలిని జోకనీకి ఆటో కట్టుకొని వచ్చినవా?"

కాటా ముప్పై చూపించింది. "మీ కాటా తప్పు" అన్నాను. అనకూడని మాట అదొక్కటే. "నా కాటా మీదనే అనుమానమా? గిది దొంగ మాల్! మీ ఆఫీసోళ్లను పిలువు, గప్పుడే ఇస్త" అని షట్టర్ సగం దించాడు. సారుకు ఫోన్ చేస్తే ఉద్యోగం అక్కడికక్కడే పోతుంది. ఇక నా దగ్గర మిగిలింది ఒకే నంబరు, అన్న నంబరు.

కడుక్కున్న చెయ్యి ఆరకముందే అన్న బండి మీద వచ్చాడు, మామకు నచ్చజెప్పాడు. తర్వాత కాటా వైపు, నా మొహం వైపు చూశాడు. "నేను తప్పు రాసిన అనుకున్నవ్, గదా?" నేను ట్యాంకును కాటా మీంచి దించడం మొదలుపెట్టాను. "సరే గానీ, ట్యాంకు మూతలకు కంప్యూటర్ల మెటీరియల్ కొత్తగ జేసినవా? డెన్సిటీ ఏసినవా?" వెయ్యలేదు. ఆ ఉక్కు గట్టితనం అంకెలన్నీ శ్రద్ధగా నింపి, సాంద్రత గడి ఖాళీగా వదిలేశాను. ఉక్కంత గట్టి మూతలు, బరువు మాత్రం సున్నా! కంప్యూటరు ఒక్క మాటైనా అనలేదు. ఆ సాయంత్రం గడి నింపి మళ్లీ నడిపితే ముప్పై కిలోలూ లెక్కకొచ్చాయి, బోల్టుల పక్కన నీలం పోయి ఎర్రగా వచ్చింది, అంటే విరిగేది అక్కడే. ఆ చోట రేకు మందం పెంచి రిపోర్టు మార్చాను.

శనివారం పెద్దసారు గేటు పుస్తకం చూసి అందరి ముందూ నన్ను నిలబెట్టారు. "చూడండి, కంప్యూటరు చెప్పిందని నమ్మలేదు. తన లెక్కను తానే అనుమానించి కాటా దాకా వెళ్లాడు. నాకు ఇలాంటివాడే కావాలి" అంటూ సంతకం పెట్టేశారు. అన్న తల పైకెత్తి ఫ్యాను చూస్తూ నవ్వు ఆపుకుంటున్నాడు. నిజం చెప్పాల్సిన క్షణం అది. "థాంక్యూ సార్" అన్నాను. అన్నకు క్షమాపణ చెప్పడానికి ఇంకో ఏడాది పట్టింది.

ఇప్పుడు కొత్తవాళ్ల రిపోర్టులు నేనే చూస్తున్నాను. తన పనిని తానే నమ్మని మనిషని నన్ను మెచ్చుకుంటుంటారు. విన్నప్పుడల్లా నవ్వొస్తుంది, కొంచెం సిగ్గు కూడా వేస్తుంది. కాగితాన్ని, కాటాను, అన్నను, ఆఖరికి టిఫిన్ డబ్బాను కూడా అనుమానించిన ఆ కుర్రాడు వదిలేసింది ఒక్కణ్ణే, తనను. అసలు దొంగ వాడే.