అంతరిక్షంలో ఆడబిడ్డ

నాచారంలో మేం డబ్బింగ్ చెప్పే గదికి కింద వెల్డింగ్ షాపు. వాళ్ల కట్టర్ ఆగినప్పుడే మా పని సాగాలి. ఆ గదిలో మూడేళ్లుగా ఉమారాణి ఓ విదేశీ సీరియల్‌లో అంతరిక్ష నౌక కెప్టెన్‌కు తెలుగు గొంతు. అదే సీరియల్‌లో ముసలమ్మలందరికీ గొంతు నాది.

ఉమారాణిది ఉప్పల్. వాళ్ల నాన్న బాలనర్సింహ ఒకప్పుడు వరి వేసిన చోటే ఇప్పుడు టైర్ల దుకాణం నడుపుతున్నాడు. ముప్పై దాటినా పెళ్లి కాలేదని ఇంట్లో రోజూ సతాయింపే. అయినా నవ్వకుండా మాట్లాడటం చేతకాని పిల్ల.

ఆ కెప్టెన్ మొదట ఇంజినీరును ప్రేమించింది. అతను పోయాడు. తరవాత నౌకలోని డాక్టరమ్మను ప్రేమించింది. మొదటిది భ్రమ అనీ రెండోది తిక్క అనీ ఆ కథలో ఎవరూ అనరు. ఒరిజినల్ చూసిన రోజు ఉమారాణి టిఫిన్ డబ్బా మూతైనా తీయకుండా నాతో చెప్పింది, తనూ అంతేనని. డిగ్రీలో మనస్వినిని ప్రేమించింది, ఇప్పుడు హరీష్‌ను ప్రేమిస్తోంది. తెర మీద ఇలాంటివాళ్లు కనిపిస్తే గిస్తే ఇద్దరినీ మోసం చేసే మాయలాడులో, సగంలో చచ్చిపోయేవాళ్లో. ఈమె మాత్రం డ్యూటీ చేస్తుంది, అలిసిపోతుంది, కిందివాళ్లను తిడుతుంది.

"మనిషి లెక్కనే ఉందక్కా," అంది.

హరీష్‌ది లాలాపేట్, రైల్వేలో సిగ్నళ్ల పని. నిశ్చితార్థానికి ముందే అతనికి మనస్విని సంగతి చెప్పేసింది. అయితే నేనెందుకు అని అడిగాడతను. పాపం, ఎకసెక్కానికి కాదు, అర్థంకాకే అడిగాడు. ఎంత చెప్పినా ఎక్కలేదు. ఆఖరికి, కెప్టెన్ డాక్టరమ్మకు మనసు చెప్పే ఎపిసోడ్ తెలుగులో వచ్చినప్పుడు చూడు, నా మనసులో మాట నా గొంతుతోనే వింటావు అంది. పెళ్లి సంగతి ఆ తరవాతే అనుకున్నారు.

ఒరిజినల్‌లో అక్కడ కెప్టెన్ డాక్టరమ్మ చేతులు పట్టుకుని అంటుంది: అతన్ని ప్రేమించాను, నిన్ను ప్రేమిస్తున్నాను, రెండింట్లో ఏదీ అబద్ధం కాదు.

మా మాటల రచయిత ఫణీంద్రకు ఓ జబ్బుంది. ఒక కప్పు కింద ఉన్నవాళ్లందరికీ వరస కలపందే ఊరుకోడు. వరస తెలియకపోతే తెలుగువాడికి అన్నం సహించదంటాడు. అంతకుముందు ఓ మరమనిషిని కూడా బాబాయిని చేశాడు. ఈసారి ఇంజినీరును కెప్టెన్‌కు మొగుణ్ని చేసి, డాక్టరమ్మను అతని అక్కను చేశాడు. ఇక కెప్టెన్ మాట: "ఆయన పోయాక నాకు నువ్వే దిక్కు, వదినా." పెదవులకు అచ్చు గుద్దినట్టు సరిపోయింది, పాపిష్టి మాట.

ఉమారాణి వాదించింది, బతిమాలింది. ఛానల్‌వాళ్లు ఒప్పుకోరని, నువ్వు కాదంటే ఇంకో గొంతు చెబుతుందని అన్నాడు ఫణీంద్ర. మూడేళ్లు మోసిన మనిషిని ఇంకొకరి పాలు చేయలేక చెప్పింది. ఏడుస్తూ చెప్పింది. ఏడుపు సీనుకు భలే కుదిరిందని రికార్డిస్టు మెచ్చుకుంటుంటే నాకు ఒళ్లు మండిపోయింది.

హరీష్‌కు ఫోన్ చేసి చూడొద్దంది. సిగ్గుపడుతోందనుకుని అతను తల్లిని కూడా పక్కన కూర్చోబెట్టుకుని మరీ చూశాడు.

మర్నాడు మిఠాయి డబ్బాతో మా మెట్ల దగ్గరకు వచ్చాడు. మొహం తేటపడి ఉంది. అంతా సమజైందన్నాడు. ఆడవాళ్ల మధ్య ఆ మాత్రం ప్రేమ ఉంటుందని, మనస్విని నీకు వదిన లాంటిదని, అమ్మకు కూడా అదే చెప్పానని గబగబా చెప్పుకుపోయాడు.

"వదిన గాదు హరీష్," అంది ఉమారాణి. "ఆమెను ప్రేమించిన. నిన్ను ప్రేమిస్తున్న. రెండూ నిజమే. గా మాటనే నన్ను చెప్పనియ్యలే."

అతనికి కోపం రాలేదు. వస్తే బాగుండేది. భయపడ్డాడు.

"సూడుమన్నది నువ్వే. నీ గొంతుతోనే విన్న," అన్నాడు మెల్లగా. "ఎన్ని దినాలకో రాత్రి జర నిమ్మళంగ పండుకున్న, ఉమా. గదే ఉండనియ్. ఇంకోసారి గిట్ల చెప్పకు."

ఉమారాణి నా వైపు చూసింది. అంతరిక్షంలో ముసలమ్మలందరి తరఫునా మాట్లాడే నేను అతని చేతిలోని మిఠాయి డబ్బా అందుకున్నాను.

పెళ్లి వచ్చే నెలలో. హరీష్ వాళ్లమ్మ మనస్వినికని ఓ పట్టుచీర తీసింది, వదిన వరసకు పెట్టడానికి. పీటల మీద నుంచి లేచాక దాన్ని తన చేత్తో ఇవ్వాల్సింది ఉమారాణే.