ఒక మూల పట్టుకునే మనిషి

కడప దర్గాలో ఆయన పేరు నేనెప్పుడూ అడగలేదు. సమాధి మీద కప్పడానికి ఎవరు చాదర్ తెచ్చినా లేచి వచ్చి ఒక మూల పట్టుకునే ముసలాయన, అంతే.

నా భార్య బతికితే చాదర్ కప్పుతానని మొక్కుకున్నాను. ఆమె బతకలేదు. సెల్‌ఫోన్లు కొత్తగా వస్తున్న ఆ ఏళ్లలో, ఒక ఎండాకాలం మధ్యాహ్నం, ఎందుకో నాకే తెలియకుండా చాదర్ కొనుక్కొని వెళ్లాను. లోపలికి అడుగుపడక గుమ్మం దగ్గరే, ఆయన పక్కన కూలబడ్డాను.

"మొక్కు తీరలేదు తాతా," అన్నాను.

"తీరకుంటే ఏమప్పా? దేవుని కాడికి ఒక్కడివే యాడ పోతావు? నాకూ శానా అలుపుగా ఉండాది. పట్టు, కలిసి పోదాం," అంటూ మోకాళ్ల మీద చేతులు ఆన్చి లేచాడు.

ఆయన చనిపోయినప్పుడు జనాజా మోద్దామని వెళ్లాను. నాలాంటివాళ్లు ఎంతమంది వచ్చారో, నాకు ఒక్క మూల కూడా దొరకలేదు.