భద్రాచలంలో తగ్గిన రోజు

మా బడికి రంగులు వేయిస్తున్నాం. మొన్న పొద్దున్న పడవ దిగి వరండా ఎక్కేసరికి కొత్త రంగు వాసన గుప్పుమంది. రంగులేసే అతను చివరి స్తంభం దగ్గర బ్రష్షు పట్టుకుని ఆలోచిస్తున్నాడు. స్తంభం మీద మోకాలెత్తున ఒక ఎర్ర గీత, పక్కన వంకరటింకరగా పదిహేను అంకె ఉన్నాయి. “ఇది కూడా కొట్టేమంటారాండీ? పిల్లలెవరో పాడుచేసేరు” అన్నాడు. పాడుచేసింది పిల్లలు కాదు, నేనే. చేయించింది వెంకటరత్నమ్మ గారు. “ఆ స్తంభం జోలికి మాత్రం వెళ్ళకండి” అన్నాను. నేనంత గట్టిగా ఎందుకన్నానో అర్థంకాక అతను బ్రష్షు కింద పెట్టేశాడు.

తొంభైల మధ్యలో నాకు పి.గన్నవరం అవతల ఈ లంకలో ఉద్యోగం వచ్చింది. గోదావరి పాయల మధ్య నిలిచిన ముక్క మాది. కొత్తపేటలో కేబుల్ టీవీ చూస్తూ పెరిగినదాన్ని, బి.ఇడి. చదివానన్న గర్వం ఒకటి. రోజూ పడవెక్కి బడికి రావడమంటే నాకు శిక్ష వేసినట్టే ఉండేది. వెంకటరత్నమ్మ గారు అప్పటికి ఇక్కడి పెద్ద టీచరు. పొట్టిగా, చామనఛాయగా ఉండేవారు. గొంతు మాత్రం రేవు దాకా వినబడేది. మొదటిరోజు నా కళ్ళబడింది ఆవిడ కన్నా ముందు ఆవిడ రేడియో. ఆ రోజుల్లో పాఠాల కోసం ప్రభుత్వం బళ్ళకి రేడియోలు ఇచ్చేది. చాలా బళ్ళలో అవి పాడైతే ఎవరు జవాబు చెప్పాలన్న భయంతో బీరువాలోనే ముసలివైపోయాయి. మా బడిలో అది కిటికీ మీద కూర్చుని పొద్దున్నే మాట్లాడేది. పిల్లలకి పాఠాలు, రైతులకి కొబ్బరి తెగుళ్ళ సంగతులు, ఆడవాళ్ళకి టీకాల వివరాలు చెప్పేది. బడి గంట కొట్టకముందే వార్తలకని పదిమంది వరండాలో చేరేవారు. “పాడైపోతే ఎలాగండీ?” అని అడిగాను. “బీరువాలో ఉంటే మాత్రం బాగున్నట్టా అమ్మాయ్? మాట్లాడని రేడియో ఎందుకు మనకి?” అన్నారు.

రేడియో మీద ఇంత మమకారం ఏమిటో నాకు వానాకాలం దాకా అర్థం కాలేదు. గోదావరికి నీళ్ళొస్తే లంకవాళ్ళు నీటి అంచున ఒక పుల్ల గుచ్చుతారు. పుల్ల మునిగితే ఏరు పెరుగుతున్నట్టు, బయటపడితే తీస్తున్నట్టు. తాతల నాటి పద్ధతి, అబద్ధమాడదు. కానీ నీళ్ళు వచ్చాకే చెబుతుంది. రేడియోనేమో ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర ఇన్ని అడుగులు అని ముందే చెబుతుంది. ఆ అంకె ఇక్కడ ఎవరికీ ఎక్కేది కాదు. అక్కడ పన్నెండైతే ఇక్కడ గేదెల్ని పెంచే మంగాయమ్మ పాకలోకి నీళ్ళొస్తాయా రావా? ఆ సంగతి ఏ ఆఫీసులోనూ రాసి లేదు. వెంకటరత్నమ్మ గారు ఆ రెండింటినీ కలిపారు. రేడియో అంకె చెప్పగానే పలక మీద రాసుకునేవారు. ఆ నీళ్ళు మాదాకా వచ్చి ఎక్కడ ఆగాయో అక్కడ పుల్ల గుచ్చేవారు. వరద తీశాక ఎర్రరంగు డబ్బా పట్టుకుని దగ్గర్లో ఉన్న చెట్టుకో, గుంజకో గీత గీసి, అంకె వేసేవారు. రేవులో కొబ్బరిచెట్టుకి పదకొండు, గేదెలపాక గుంజకి పదమూడు. అలా నాలుగైదు వరదలు గడిచేసరికి రేడియోలో అంకె వినగానే మంగాయమ్మ గేదెల పలుపులు విప్పడం మొదలుపెట్టేది.

నా ఘనకార్యం ఆ తర్వాతి ఏడాది జరిగింది. వెంకటరత్నమ్మ గారు శిక్షణకని అమలాపురం వెళ్ళారు. వెళ్తూ రేడియో నా చేతిలో పెట్టి, “ఏరు పెరిగేలా ఉంది. వార్తలు పూర్తిగా విను, అందరికీ చెప్పు” అన్నారు. మర్నాడు పొద్దున్న జనమంతా మూటలు కట్టుకుని వరండాలో నిలబడ్డారు. భద్రాచలం వద్ద గోదావరి తగ్గుముఖం పట్టిందని రేడియో చెప్పింది. అంతే, నా సంతోషానికి పట్టపగ్గాల్లేవు. టక్కున రేడియో కట్టేసి, “తగ్గిపోయిందండీ! ఎవరూ వెళ్ళక్కర్లేదు” అని అరిచాను. మూటలు విప్పారు. మంగాయమ్మ గేదెల్ని మళ్ళీ కట్టేసింది. “మా టీచరమ్మ నోటి చలవ” అని ఒకావిడ నాకు కొబ్బరిబొండం కొట్టి ఇచ్చింది. నేను సిగ్గులేకుండా తాగాను.

అమలాపురంలో వార్తలు విని, శిక్షణ మధ్యలోనే వదిలేసి ఆవిడ మధ్యాహ్నానికల్లా తిరిగొచ్చేశారు. పడవ దిగుతూనే పొయ్యిల మీద వంటలు చూసి, “ఇంకా ఇక్కడే ఉన్నారేం?” అన్నారు.

“భద్రాచలంలో తగ్గిందంటండి, ఆయ్. టీచరమ్మగారు చెప్పేరు” అన్నాడు పడవ నడిపే ఏడుకొండలు.

ఆవిడ నావైపు తిరిగారు. కోప్పడలేదు. గొంతు తగ్గించి, “అక్కడ తగ్గిన నీళ్ళు ఎక్కడికెళ్ళేయమ్మా?” అన్నారు.

అక్కణ్ణించి దిగినదంతా ఒక పగలూ రాత్రీ ప్రయాణం చేసి మా మీదకే రావాలి. నేను కట్టేశాక రేడియో ఆ మాటే చెప్పిందట. ధవళేశ్వరం దగ్గర ఇంకా పెరుగుతుంది, లంకలవాళ్ళు ఖాళీ చెయ్యాలి అని. రెండో వాక్యం విననిది నేను.

ఆవిడ జనం వైపు తిరిగి, “తప్పు నాదేనండి. వరద లెక్క పిల్లకి చెప్పకుండా వెళ్ళేను. ఇప్పుడు తిట్టుకోడానికి టైము లేదు. పసిపిల్లలు, ముసలివాళ్ళు మొదటి పడవలో” అన్నారు. పొద్దు వాలేలోగా ఏడుకొండలు ఎన్నిసార్లు అటూ ఇటూ తిరిగాడో! ఆఖరి పడవలో వెంకటరత్నమ్మ గారు, నేను ఎక్కాం. మంగాయమ్మ గేదెలు పడవ పక్కనే ఈదుకుంటూ వచ్చాయి. వెంకటరత్నమ్మ గారి ఒళ్ళో తువ్వాలులో చుట్టిన రేడియో పదిహేను అంటోంది. మర్నాడు ఏటిగట్టు మీద నిలబడి చూస్తే మా బడి వరండా నీళ్ళలో ఉంది. మనిషన్నవాడు లంకలో ఒక్కడు లేడు. నేను ఏడిచాను. భయంతోనో, బతికారన్న సంతోషంతోనో చెప్పలేను.

వరద తీశాక ఆవిడ నన్ను బురదలో స్తంభం దగ్గరికి తీసుకెళ్ళి బ్రష్షు చేతికిచ్చారు. “ఈ గీత నువ్వే గియ్యి.” బ్రష్షు జారి అంకె వంకర పోయింది. దిద్దబోతే, “ఉండనీ, బానే ఉంది” అన్నారు. ఆ సాయంత్రమే నాచేత రేడియో స్టేషనుకి ఉత్తరం రాయించారు. భద్రాచలంలో తగ్గిందని చెప్పినప్పుడు ఆ ఊపిరిలోనే, దిగువవాళ్ళకి నీళ్ళు ఇంకా రావాల్సి ఉందని కూడా చెప్పండి, మధ్యలో కట్టేసే తొందరపాటు వాళ్ళుంటారు అని. ఆ తొందరపాటు మనిషి చేతే రాయించడం ఆవిడ పెంకెతనం. పై ఏడాది వరదల్లో అచ్చం అలాగే చదివారు. అరవై గడపల లంక నుంచి వెళ్ళిన మాటని గోదావరి పొడుగునా విన్నారు. వరండాలో అందరూ చప్పట్లు కొట్టారు. నా ఛాతీ ఎంత ఉప్పొంగిందో ఇప్పటికీ గుర్తే.

రెండువేలు దాటాక ఇంటింటికీ టీవీ వచ్చింది. మండల మీటింగులో ఒక అధికారి, “ఇంకా రేడియో ఎవరు వింటున్నారండీ, దండగ ఖర్చు” అని నవ్వాడు. వెంకటరత్నమ్మ గారు లేచి నిలబడ్డారు. “గోదారొస్తే మాకు ముందు పోయేది కరెంటండి, తర్వాత టీవీ, ఆ తర్వాత రోడ్డు. అప్పుడు మాతో మాట్లాడేది అదొక్కటేనండి. మావాళ్ళు ప్రకటనలు చూసి కొనేవాళ్ళూ కాదు, ప్రకటనలిచ్చి అమ్మేవాళ్ళూ కాదు. మాతో మాట్లాడితే ఎవరికండీ లాభం? లాభం లేకపోయినా మాట్లాడాలనే కదండీ సర్కారు దాన్ని పెట్టింది!” అన్నారు. ఆయన నవ్వు ఆపేశాడు. పక్కనే కూర్చున్న నేను, ఈవిడ మా పెద్ద టీచరు అని హాలంతా వినబడేలా అరవాలనుకున్నాను.

రిటైరైన రోజున స్టాకు రిజిస్టరులో సంతకం పెట్టించుకుని రేడియో నాకు అప్పగించారు. ఆవిడ ఇప్పుడు లేరు. ఆ సెట్టూ పోయింది, కిటికీ మీద ఇంకొకటి ఉంది. సెల్‌ఫోన్లో అన్నీ వస్తాయి కదా మేడమ్ అంటారు కొత్త టీచర్లు. వస్తాయి, టవరు మునగనంతవరకు. మొన్న రంగులేసే అతను వెళ్ళాక, అతను వదిలిన ఎర్రరంగు డబ్బాలో వేలు ముంచి, వెలిసిపోయిన గీతని మళ్ళీ దిద్దాను. వంకర అలాగే ఉంచాను.

ఇప్పటికీ భద్రాచలంలో తగ్గిందని రేడియో చెప్పగానే లంకలో ఎవరూ సంతోషించరు. రెండో వాక్యం అయ్యేలోపు నేను చెప్పులు వేసుకుని రేవు వైపు బయల్దేరతాను. నేను వెళ్ళేసరికి ఏడుకొండలు కొడుకు పడవ తాడు విప్పుతూ ఉంటాడు.